ఐదున్నర గంటలు వెనక్కి

"తాళం తియ్యండి," అంది శకుంతల.

మార్కండేయులు తియ్యలేదు. అప్పుడే భోజనం చేసి మొహం కడుక్కుని వచ్చినట్టున్నాడు. చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి, చెరిగిన కుంకం నుదుట మళ్ళీ దిద్దుకుని, పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాక గానీ నోరు విప్పలేదు. బాపట్ల పక్కనున్న ఆ చేనేత సంఘానికి తొమ్మిదేళ్ళుగా ఆయనే ప్రెసిడెంటు.

"ఎందుకమ్మా నీకీ శ్రమ? రిపోర్టు వచ్చేసింది. నాలుగింటికి మీటింగు. హేమని పనిలోంచి తీసేస్తాం, వాళ్ళ నాన్న మగ్గం షెడ్డులోంచి బయట పెడతాం. అంతటితో సరి. పోలీసు కేసు లేకుండా నేనే సర్దుతున్నా, ఆడపిల్ల కదా అని జాలిపడి."

"ఆ జాలి మీ దగ్గరే ఉంచుకోండి." శకుంతల గొంతు పెరగలేదు. కోపం వస్తే ఆవిడ గొంతు తగ్గుతుంది. ఆవిడ సంగతి ఎరిగినవాళ్ళు ఆ గొంతు తగ్గినప్పుడే జాగ్రత్తపడతారు. "వెంకటకృష్ణయ్యగారు సంఘంలో సభ్యుడు. తన కూతురి మీద పడ్డ నిందని విచారించుకోవడానికి సభ్యుడు ఒక మనిషిని పెట్టుకోవచ్చని మీ నిబంధనల పుస్తకంలోనే ఉంది. ఇప్పుడు రెండూ నలభై. నాకు గంటా ఇరవై నిమిషాలుంది. మీ కుంకానికి అందులో ఒక నిమిషం పోయింది. తాళం."

ఆయన డిజైను గది తాళం తీశాడు.

శకుంతలకి యాభై దగ్గర పడుతున్నాయి. పదకొండేళ్ళ క్రితం ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునేది. పరీక్ష పేపరు బయటికి పోయిందనీ, ఆవిడ పాస్‌వర్డుతోనే పోయిందనీ, ఎవరో నాలుగు అంకెలు వేసిన కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నారు. భయపడి చేసింది. సంతకం చేసిన ఆ చేతిని ఇప్పటికీ క్షమించుకోలేదు. ఆ తర్వాతే తెనాలిలో ఒక టిఫిన్ హోటలు పైగదిలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ఇవాళ పొద్దున వెంకటకృష్ణయ్య ఆ మెట్లెక్కి వచ్చి, "నాలుగింటికల్లా మా అమ్మాయిని దొంగ అనేస్తారండి," అనగానే ఇడ్లీ ప్లేటు సగంలో వదిలేసి స్కూటర్ తాళం తీసుకుంది.

ఆయన చెప్పింది ఇంతే. రేపల్లె దిగువన ఉప్పుకాలవల్లో పెరిగే మడ చెట్ల ఆకులు చూసి, నాలుగు నెలలు కూచుని చీరకి ఒక అంచు గీసింది హేమ. నలభై మగ్గాలు ఆ డిజైను కోసం కాచుకుని ఉన్నాయి. ఇంకా ఒక్క చీర కూడా మగ్గం దిగలేదు. దసరా వెళ్ళిన మర్నాడు, శుక్రవారం సాయంత్రానికి, తెనాలిలో మరమగ్గాల చీరలమ్మే ఒక కొట్టు అందరి ఫోన్లకీ ఒక బొమ్మ పంపింది. త్వరలో వస్తున్న చీరట. అంచు మీద ఆకు ఆకూ హేమ గీసిందే. ఆ డిజైను ఈ గదిలో ఈ ఒక్క సిస్టమ్‌లోనే ఉంది. దాని పాస్‌వర్డు హేమకొక్కదానికే తెలుసు.

గది మూల గోడకి ఆనుకుని నిలబడి ఉంది హేమ. ఇరవై రెండేళ్ళుంటాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. మార్కండేయులుకి ఫోన్ వస్తే మాట్లాడుకుంటూ బయటికి వెళ్ళాడు.

"ఏడుపు తర్వాత చూద్దాం," అంది శకుంతల నోటు పుస్తకం తెరిచి. "అడిగినదానికి టైముతో సహా చెప్పు. బుధవారం సిస్టమ్ ఎన్నింటికి ఆపావు?"

"ఐదూ ఇరవైకండి."

"గురువారం?"

"దసరా కదండి. పొద్దున తొమ్మిదింబావుకి పూజ. మగ్గాలకీ, ఇక్కడి సామానుకీ ఆండాళమ్మ మామ్మ పసుపూ కుంకం పెట్టింది. పదింటికి ప్రెసిడెంటుగారు గేటుకి తాళం వేశారు. ఆ రోజు మాలో ఎవరూ పనిముట్టు ముట్టరండి."

"గేటు తాళం నీ దగ్గర ఉంటుందా?"

"లేదండి. ఈ గది తాళం ఒకటి నా దగ్గర, ఒకటి ఆయన దగ్గర. గేటుది ఆయన దగ్గరే."

"శుక్రవారం?"

"తొమ్మిదిన్నరకి ఆయనే గేటు తీశారు. నేను సిస్టమ్ ఆన్ చేసేసరికి తొమ్మిదీ నలభై. అప్పుడూ..."

"ఆగావేం?"

"చెప్తే అబద్ధం అంటున్నారండి." హేమ చున్నీ అంచు నలుపుకుంది. "సిస్టమ్‌లో గడియారం నాలుగూ పది చూపించింది. తెల్లవారుజాము నాలుగూ పది. లోపలి బ్యాటరీ పోయిందేమో అనుకున్నా. మామ్మకి అంచు డిజైను గ్రాఫు ప్రింటు తీసిచ్చి, తర్వాత నేనే ఫోన్ చూసి టైము సరిచేశా. తొమ్మిదీ యాభై ఒకటి."

శకుంతల పెన్ను ఆగింది. తొమ్మిదీ నలభై. నాలుగూ పది. రెండు అంకెల కిందా గీత గీసి, తేడా రాసి, దాని చుట్టూ సున్నా చుట్టింది.

"ఆ టైముకి నిన్ను చూసినవాళ్ళెవరు?"

"నేను చూశా," అంటూ గుమ్మంలోకి వచ్చింది ఆండాళమ్మ. ఎనభై ఏళ్ళ మనిషి. షెడ్డులో అందరికన్నా పెద్దది గనక దసరా నాడు మొదటి బొట్టు ఆవిడ చేత్తోనే పడాలి. బుగ్గన వక్కాకు, నడుమున సున్నం డబ్బీ. "ఈ పిల్ల నాకు కాగితం ఇచ్చేటప్పుడు రేపల్లె బస్సు హారన్ కొట్టుకుంటూ పోతోంది. తొమ్మిదీముప్పావు బస్సు. దాని మీదేమో తెల్లారగట్ల పడిందట టైము. తెల్లారగట్ల వచ్చి కాగితాలు పుచ్చుకోవడానికి నాకేం నిద్దర్లో నడిచే రోగం లేదమ్మాయ్."

ఆవిడ బొడ్లోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చింది. గ్రాఫు గళ్ళ అడుగున చిన్న అక్షరాల్లో టైము ఉంది. తెల్లవారుజాము 4:14.

"ఇదెవరికైనా చూపించారా?"

"చూపిస్తే, ముసల్దానికి మతి తప్పిందన్నాడు రిపోర్టు రాయడానికొచ్చిన ఆ టై కట్టుకున్నోడు."

శకుంతల కాగితం పుస్తకంలో పెట్టుకుని, గది చూడడం మొదలుపెట్టింది. కిటికీ ఊచలు కదల్లేదు. తలుపు గొళ్ళెం మీద గీతల్లేవు. ఎవరో తాళం చెవితోనే వచ్చారు. మానిటరు మీద, కీబోర్డు అంచున, ప్రింటరు నెత్తిన, ఆఖరికి స్విచ్‌బోర్డు మీద కూడా ఎండిన పసుపు ముద్ర, దాని నడుమ కుంకం. నాలుగు రోజులకి పసుపు బీటలు వారింది. మోకాళ్ళ మీద కూచుని బల్ల కింద టార్చి వేసింది. సీపీయూ పెట్టెకి ముందువైపు, పెన్ డ్రైవ్ పెట్టే రెండు సన్న బొక్కల మీద కూడా బొట్టుంది. కానీ ఉట్టి కుంకం. పసుపు లేదు.

"మామ్మగారూ, దీని దగ్గరికి వచ్చేసరికి పసుపు అయిపోయిందా?"

ఆండాళమ్మ నడుం పట్టుకుని వంగి చూసింది. నమలడం ఆపేసింది.

"ఇది నా చెయ్యి కాదు."

"కచ్చితంగా?"

"అరవై ఏళ్ళనుంచి పెడుతున్నానమ్మాయ్. ముందు బొటనవేలితో తడి పసుపు మెత్తుతా. దాని మీద ఉంగరం వేలితో కుంకం. పసుపు లేకుండా ఉత్త కుంకం నిలుస్తుందా, చూడు, రాలిపోతోంది. దీనికి కాస్త ఎక్కువే మెత్తాను కూడాను. ఆ రెండు బొక్కలూ దాని నోరనుకున్నా."

హేమ అంత బాధలోనూ నవ్వొచ్చి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. శకుంతల నవ్వలేదు. జాకెట్టుకున్న పిన్నీసు తీసి బొక్క లోపల గీకింది. పైపైన ఎవరో తుడిచారు గానీ, లోపలి మూలల్లో పసుపు గట్టిపడి ఉంది. మధ్యలో మాత్రం నున్నగా, ఏదో బల్లపరుపు వస్తువుని తడి మీద గుచ్చి తీసినట్టుంది. ఎండాక గుచ్చితే పొడి రాలేది. తడిగా ఉండగా గుచ్చారు. అంటే దసరా నాడే. గేటుకి తాళం పడ్డాక.

"నువ్వు శుక్రవారం ముందు పోర్టు వాడావా?"

"లేదండి. బొట్టు చెరుగుతుందని దాని జోలికి పోలేదు."

"మామ్మగారూ, నేనడిగేదాకా ఈ సంగతి మీ బుగ్గలో వక్కతో పాటే ఉంచండి," అని శకుంతల లేచి మోకాళ్ళు దులుపుకుంది.

అంతలో గుమ్మంలో గట్టిగా నవ్వు వినిపించింది.

"ఏంటి ఆంటీ, చీరలు కొనుక్కోవడానికి వచ్చారా?"

పవన్ కుమార్. తెనాలిలో ఆవిడ ఆఫీసుకి రెండు వీధుల అవతల సైబర్ నిపుణుడని పెద్ద బోర్డు పెట్టాడు. ముప్పై ఏళ్ళుంటాయి. నీలం టై, దాని పక్కనే మెడలో తాడుకి వేలాడుతున్న వెండిరంగు పెన్ డ్రైవ్. ఏడాదిలో రెండు కేసులు ఆవిడ చేతిలోంచి లాక్కున్నాడు. అతని వెనకే మార్కండేయులు, మీటింగుకి ముందే వచ్చిన పదిమంది నేతగాళ్ళు.

"రిపోర్టు కొనడానికి వచ్చా," అంది శకుంతల. "నీ దగ్గర ఎవరికి కావలసినట్టు వాళ్ళకి దొరుకుతాయటగా."

"మాటలు జాగ్రత్త."

"చూపించు."

ఒకే ఒక పేజీ. శుక్రవారం తెల్లవారుజాము 4:10కి హేమ పాస్‌వర్డుతో సిస్టమ్ తెరిచారు. 4:14కి డిజైను తీసి ప్రింటు చేశారు. దసరా నాడు సిస్టమ్ ఆన్ కాలేదు. కింద పవన్ సంతకం, సీలు.

"బుధవారం సాయంత్రం ఆపింది. శుక్రవారం తెల్లారగట్ల దొంగలాగా వచ్చి తీసింది. మధ్యలో ఒక్క గీత లేదు లాగ్‌లో," అన్నాడు పవన్ నేతగాళ్ళ వైపు తిరిగి. "సిస్టమ్ అబద్ధం చెప్పదు. మనుషులే చెప్తారు."

"గేటు ఎలా దాటింది?"

"మారు తాళం చేయించుకుని ఉంటుంది. అది దొంగని అడగాలి, నన్ను కాదు."

"దొంగ అనకు." శకుంతల గొంతు ఇంకా కిందికి దిగింది. "ఇంకొక్కసారి ఆ మాట ఆ పిల్ల వైపు చూసి అన్నావంటే ఈ గదిలోంచి నిన్ను టై పట్టుకుని బయటికి తీసుకెళ్తా. సరే, రెండు ప్రశ్నలు. నువ్వీ గదిలో మొదటిసారి కాలు పెట్టిందెప్పుడు?"

"శనివారం పదకొండుంబావు. రిజిస్టర్‌లో సంతకముంది."

"నీ పెన్ డ్రైవ్ ఈ సిస్టమ్‌కి ఎక్కడ పెట్టావ్?"

"వెనక పోర్టులో. ముందువైపు వేలు కూడా పెట్టలేదు. సాక్ష్యం చెరపకూడదని మాకు ట్రైనింగులో నేర్పుతారు. మీకెవరూ నేర్పి ఉండరు పాపం."

శకుంతల ఆ రెండు జవాబులూ మాటకి మాట రాసి, పుస్తకం అతని ముందుకి తోసింది. "సంతకం చెయ్యి."

"ఎందుకు?"

"నువ్వన్న మాటలేగా. అందరి ముందూ అన్నవే. భయమా?"

పది మంది చూస్తున్నారు. పవన్ పెన్ను లాక్కుని గీకేశాడు. ఆ సంతకం వైపు ఆవిడ ఒక క్షణం ఎక్కువే చూసింది.

తర్వాత తన స్కూటర్ తాళంగుత్తికున్న నల్ల పెన్ డ్రైవ్ విప్పింది. గదిలో రెండో బల్ల మీద ఇంకో పాత సిస్టమ్ ఉంది, ప్రెసిడెంటు ఉత్తరాలకి వాడేది. పాస్‌వర్డు ఆయనకొక్కడికే తెలుసు. పెన్ డ్రైవ్‌ని ఆవిడ దాని వెనక పోర్టులో పెట్టింది.

"అది ముట్టుకోవద్దు," అన్నాడు మార్కండేయులు చప్పున.

"ఎందుకండీ? మీ పాస్‌వర్డు నాకు తెలీదు కదా. ఏం చెయ్యగలను?"

ఎవరో వెనక కిసుక్కుమన్నారు.

ఆవిడ బటన్ నొక్కి, కీబోర్డు పైవరసలో ఒక మీట కొడుతూనే ఉంది. తెర మీద చిన్న జాబితా వచ్చింది. దేంతో లేవాలి అని మెషీను అడుగుతోంది. శకుంతల పెన్ డ్రైవ్ పేరు మీద ఆపి ఎంటర్ కొట్టింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు గబగబా పైకి పాకాయి. నలభై సెకన్లలో, రోజూ కనిపించేది కాకుండా, మూలన నాలుగు చిన్న బొమ్మలున్న ఖాళీ తెర వచ్చింది. పాస్‌వర్డు అడగలేదు.

"ఇదీ ఆపరేటింగ్ సిస్టమే. చిన్నది, తేలికది. మా ఆఫీసు లాప్‌టాప్‌లో డిస్కు చచ్చిపోయి రెండేళ్ళయింది, అప్పట్నుంచీ దీంతోనే నెట్టుకొస్తున్నా." అందరికీ కనిపించేలా పక్కకి జరిగింది. "మీ విండోస్ లేవలేదు. నిద్రపోతూనే ఉంది. ఇంటాయన నిద్రలేవకుండానే వేరే మనిషి వచ్చి లైటు వేసుకున్నాడు. పాస్‌వర్డు అడిగేది ఇంటాయన. ఎవరొచ్చారో ఎవరు పోయారో లాగ్‌లో రాసేదీ ఇంటాయనే. నిద్రలో ఉన్నవాడు ఏం అడుగుతాడు, ఏం రాస్తాడు?"

ఆవిడ డిస్కు మీద రెండుసార్లు నొక్కింది. మార్కండేయులు ఉత్తరాల పేర్లన్నీ వరసగా తెర మీద పరుచుకున్నాయి. గుమ్మంలో గుసగుసలు బయల్దేరాయి. మార్కండేయులు తెరకి అడ్డం వచ్చాడు.

"మూసెయ్యమ్మా," అన్నాడు.

"మూసేస్తున్నా. నేను చదవడానికి రాలేదు."

పవన్ చప్పట్లు కొట్టాడు. "బాగుంది గారడీ. అయితే ఎవడో ఇలా చేశాడనుకుందాం. లాగ్‌లో పడదని మీరే అన్నారు. ఆనవాలు ఉండదని మీరే అన్నారు. మరి మీ దగ్గర ఏముంది?"

"ఒకటి ఉంటుంది."

ఆవిడ దాన్ని ఆపి, పెన్ డ్రైవ్ పీకేసి, మళ్ళీ మామూలుగా ఆన్ చేసింది. మార్కండేయులు చేత పాస్‌వర్డు కొట్టించింది. "ఇప్పుడు టైమెంత, చెప్పండి."

"మూడూ పద్దెనిమిది," అన్నాయి నాలుగు గొంతులు.

"అందులో?"

తెర మూలన పొద్దున తొమ్మిదీ నలభై ఎనిమిది ఉంది.

హేమ గోడ వదిలి ముందుకొచ్చింది. "ఇలాగే అండి! శుక్రవారం నాకు కనిపించింది ఇలాగే!"

"కంప్యూటర్ లోపల ఒక చిన్న గడియారం ఉంటుంది," అంది శకుంతల. ఈసారి ఆవిడ పవన్ వంకే చూస్తూ చెప్పింది. "అందులో మన టైము ఉందనుకుంటుంది విండోస్. మనకన్నా వెనకుండే ప్రపంచ టైము ఉండాలనుకుంటుంది ఈ చిన్నది. ఇంటర్నెట్ వైరు తగిలించి ఉంది గనక సరైన టైము తెచ్చుకుని, లోపలి గడియారాన్ని తన పద్ధతికి తిప్పేసి పోతుంది. మనకీ దానికీ తేడా ఐదున్నర గంటలు. బ్యాటరీ పోతే గడియారం ఏ పాత సంవత్సరంలోనో తేలుతుంది. సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి పోదు. హేమ వచ్చింది తెల్లవారుజామున కాదు. తొమ్మిదీ నలభైకి, మీ ప్రెసిడెంటు గేటు తీశాక. అంతకుముందు, అంటే బుధవారం సాయంత్రానికీ శుక్రవారం పొద్దుటికీ మధ్య, ఎవడో హేమ సిస్టమ్‌ని పెన్ డ్రైవ్‌తో లేపాడు. హేమా, నీ సిస్టమ్‌లో లాగ్ తియ్యి. నాలుగూ ఇరవై ఒకటి దగ్గర ఏముందో గట్టిగా చదువు."

హేమ లాగ్ తెరిచి, తెర మీద వేలు పెట్టి చదివింది. "గడియారం మార్చారు. నాలుగూ ఇరవై ఒకటి నుంచి తొమ్మిదీ యాభై ఒకటికి."

"విన్నారా? నీ రిపోర్టు నాలుగూ పధ్నాలుగుతో ఆగిపోయింది పవన్. ఇంకో ఏడు నిమిషాలు చదివి ఉంటే ఈ పిల్ల నిర్దోషి. అది నువ్వు చదవలేదా, చదివి కోసేశావా?"

"అనవసరం అనుకున్నా."

"అనవసరం!" ఆవిడ చెయ్యి బల్ల మీద పడిన చప్పుడుకి కీబోర్డు ఎగిరింది. "ఒక ఇంటి మగ్గం వీధిలో పడుతుంటే, ఒక ఆడపిల్ల మొహం ఎత్తలేకుండా అవుతుంటే, నీకది అనవసరం! ఆ పెన్ డ్రైవ్ ఇలా ఇవ్వు."

పవన్ చెయ్యి గుండెల మీదికి వెళ్ళింది. "ఇది నా సొంతం." వెనక్కి తిరిగాడు. గుమ్మంలో నేతగాళ్ళు పక్కకి జరగలేదు. వాళ్ళలో ఒకాయన, మెల్లిగానే, "ఇచ్చెయ్యి బాబూ," అన్నాడు. పవన్ తాడు తలమీంచి తీసి బల్ల మీద విసిరేశాడు.

శకుంతల మూత లాగింది. వెండిరంగు లోహం నాలుగు మూలల్లోనూ, లోపలి అంచు దాకా, పచ్చగా ఏదో ఎండి పట్టుకుని ఉంది.

"ఏంటిది?"

"తుప్పు."

"మామ్మగారూ, మీ సున్నం డబ్బీ."

ఆండాళమ్మ డబ్బీ తెరిచింది. శకుంతల పిన్నీసుతో ఆ పచ్చటిది రవ్వంత గీకి, తన అరచేతిలో వేసి, తడి సున్నం మీటి వేలితో రుద్దింది. అందరూ చూస్తుండగా అది ఎర్రగా మారిపోయింది, పెళ్ళికూతురి కాళ్ళ పారాణి లాగా.

"తుప్పుకి సున్నం కలిపితే పారాణి అవుతుందా పవన్?"

"అన్నం తింటూ ముట్టుకుని ఉంటా. కూరలో పసుపు ఉండదా?"

"మూత తీసి లోపలి మూలల్లో కూర కూరుకున్నావా?" పుస్తకం తెరిచి అతని సంతకం మీద వేలు పెట్టింది. "శనివారానికి ముందు ఈ గదిలోకి రాలేదన్నావ్. ముందు పోర్టు ముట్టలేదన్నావ్. చూడండి అందరూ, వంగి చూడండి. ఇక్కడి సామానులో పెన్ డ్రైవ్ పట్టే చోట మామ్మ పసుపు పెట్టింది ఆ ముందు పోర్టుకే. ఇప్పుడక్కడ ఉన్నది ఉట్టి కుంకం. పసుపు తడిగా ఉన్నది దసరా నాడు ఒక్కపూట. ఆ పూట ఎవడి పెన్ డ్రైవ్ అందులో దిగిందో, ఈ పసుపు వాడిది. తుడిచేసి మళ్ళీ బొట్టు పెడితే ఎవరికీ తెలీదనుకున్నావ్."

"బొట్టేంటి? బొట్టు నేనెందుకు పెడతా?" పవన్ అరిచాడు. "ఆ ముద్ద అడ్డమొస్తే కర్చీఫ్‌తో తుడిచి పెట్టాను, అంతేగానీ..."

నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

హేమ రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఎవరో, "ఓరి నీ," అని మింగేశారు.

"నిజమే చెప్పాడు," అంది శకుంతల నెమ్మదిగా. "బొట్టు ఇతను పెట్టలేదు. ఇతనికి అది ఉత్త రేకు డబ్బా. బొట్టు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే. కానీ ఇతని పక్కన ఇంకో మనిషి ఉన్నాడు. గేటు తాళం తీసి లోపలికి తీసుకొచ్చిన మనిషి. మగ్గం మీద పుట్టి పెరిగినవాడు. దొంగతనం చూస్తూ నిలబడగలిగాడు. దసరా నాడు పనిముట్టు నుదురు బోసిగా ఉంటే చూడలేకపోయాడు. చెయ్యి ఊరుకోలేదు. ఇక్కడ పసుపు లేదు. కుంకం మాత్రం తన దగ్గరే ఉంది, ఎప్పుడూ ఉండేదే."

ఆవిడ ఎవరి వంకా చూపించలేదు. మార్కండేయులు చెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదికి పోయింది. అందరూ ఆ చేతినే చూశారు.

ఆండాళమ్మ కర్ర తాటించుకుంటూ ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"మార్కండేయులూ. నీ మొదటి మగ్గానికి బొట్టు పెట్టింది నేనురా. డబ్బాకి బొట్టు చెరిగితే నీ ప్రాణం ఒప్పుకోలేదు. మన పిల్ల మొహాన మాత్రం మసి పూయడానికి ఎలా ఒప్పుకుందిరా?"

మార్కండేయులు కుర్చీలో కూలబడ్డాడు. గోడ గడియారంలో నాలుగు కావస్తుండగా, జేబులోని పొట్లం తీసి బల్ల మీద పెట్టి మాట్లాడాడు. "మా పెద్దాడు తెనాలిలో మరమగ్గాలూ, ఆ చీరల కొట్టూ పెట్టాడత్తా. డిజైన్లు లేవు. ఒక్కటి ఇస్తే చాలన్నాడు ఈ పవన్. నేను హేమ పేరు రావాలని అనుకోలేదు. వీడే రిపోర్టు రాశాడు."

"చదివి సంతకం పెట్టించుకుంది మీరు," అంది శకుంతల. "నాలుగింటి మీటింగు జరగాల్సిందే. అజెండాలో పేరు మార్చండి. ఒక్కటి చాలన్నాడన్నారు. ఒక్కటితో ఆగాడా?"

ఆయన తలెత్తలేదు. పవన్ మాత్రం గోడ గడియారం వంక చూశాడు. ఒక్క చూపు. అది చాలు ఆవిడకి.

"ఇవాళ ఎక్కడ?" అంది అతని మీదికి వెళ్ళి. "పవన్, నువ్విక్కడున్నావ్, మరి ఇవాళ నీ మనిషి ఎక్కడున్నాడు?"

"అయిపోయి ఉంటుంది," అన్నాడు పవన్. మొదటిసారి అతని గొంతులో కూడా కోపం వచ్చింది, పట్టుబడ్డవాడి కోపం. "రేపల్లె సంఘం. మీరు స్కూటర్ మీద వెళ్ళేసరికి రిపోర్టు కూడా తయారైపోతుంది."

"అక్కడ సాయి సుధ ఉందండి!" హేమ అప్పటికే ఫోన్ తీసింది. "నాతోపాటే ట్రైనింగు చేసింది. పాస్‌వర్డు దానికొక్కదానికే తెలుసు."

ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. నాలుగు రింగులు. ఐదు. షెడ్డు బయట మీటింగు గంట మోగింది, నాలుగైందని.

"ఏంటే హేమా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?" అంది అవతలి గొంతు, నవ్వుతూ. "మధ్యాహ్నం ఎవరో కరెంటు బాక్సు చూస్తామని వచ్చి నన్ను గంటసేపు బయట కూచోబెట్టారే. ఇప్పుడే సిస్టమ్ ఆన్ చేశా. ఒక్క మాట చెప్పవే, నీకైనా తెలుస్తుందేమో. బయట నాలుగైంది కదా, ఇందులో పొద్దున పదిన్నర చూపిస్తోందేంటి?"